బోర్లా పడుకున్న రాయి

కొలోన్, జర్మనీ
సెప్టెంబరు, 2024

అత్తా,

దుర్గిలో బస్సెక్కేటప్పుడు "చూసొస్తే చాలదు, చూసిందల్లా రాయాలి" అని నా చేత ఒట్టేయించుకున్నావు. ఫోన్ చేద్దామంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వీడియోలో కనిపిస్తే "నీ మూతి ఆడటం చూట్టానికా నేను కూకుంది" అని కసురుతావు. ముప్పై ఏళ్ళు రాయి కోసే మిషన్ పక్కన కూర్చుని చెవులు పోగొట్టుకున్నదానివి, నిన్నేమనగలను? అందుకే కాగితం, కలం. ఇండియాకి చేత్తో రాసిన ఉత్తరమని ఇక్కడి పోస్టాఫీసు అమ్మాయి రెండుసార్లు తిప్పి చూసింది.

ఉద్యోగంలో చేరడానికి ఇంకా కొన్నాళ్ళు గడువుంది. ఈలోగా సందీప్ బావ చూడాలనుకున్న గుడి చూసేద్దామని రైలెక్కి కొలోన్ వచ్చాను. స్టేషన్ గుమ్మం దాటి తలెత్తితే గుడి మీద పడుతున్నట్టే ఉంది. ఆకాశంలోకి రెండు శిఖరాలు. పొగ పట్టి రాయంతా నల్లబడింది. మామయ్య చూస్తే ఇంటికి రాడు, అక్కడే చాప వేసుకుంటాడు. కట్టడానికి ఆరు వందల ఏళ్ళు దాటిందట. ఇప్పటికీ ఏదో ఒక పక్క పరంజా ఉంటుంది, శిల్పులు ఉంటారు. ఈ గుడి పని పూర్తయిన రోజున లోకం అంతమైపోతుందని ఊళ్ళో ఒక మాట. బావ ఈ సంగతి ఎక్కడో విని, "ఆళ్ళ షెడ్డులో చేరతానే వనజా, లోకం ఉన్నన్నాళ్ళు పనుంటది" అనేవాడు, గుర్తుందా?

మధ్యాహ్నం ఒక పాత హోటల్లో కూర్చున్నాను. బంగాళాదుంప తురిమి నూనెలో అట్టులాగా కాలుస్తారు. దాని మీద ఆపిల్ గుజ్జు వేసుకుని తినాలి. మొదటి ముద్దకి ఇదేం ఖర్మ అనిపించింది, మూడో ముద్దకి బాగానే ఉంది. ఈ ఊరి బీరు సన్నటి చిన్న గ్లాసుల్లో ఇస్తారు. చాలని చెప్పడానికి గ్లాసు మీద అట్టముక్క మూత పెట్టాలి. పెట్టకపోతే ఖాళీ అయినప్పుడల్లా కొత్తది తెచ్చి పెడుతూనే ఉంటారు. నేను ఆపిల్ రసం అడిగాను. ఆ పెద్దాయన నాకు రసం, పక్కన ఒక బీరు గ్లాసు, రెండు పళ్ళేలు తెచ్చాడు. ఒక్కదాన్నే వచ్చానని చెప్పాను. ఆయన పక్క కుర్చీ వైపు చూసి, తల వంచి, వెళ్ళిపోయాడు. కాసేపటికి వచ్చి ఖాళీ గ్లాసు తీసి నిండు గ్లాసు పెట్టాడు. నేను దాన్ని ముట్టుకోనైనా లేదు.

వయసు మీద పడి మతిమరుపులే అనుకుని నవ్వుకున్నాను. మామయ్యని అడిగానని చెప్పు.

నీ మేనకోడలు,
వనజ


దుర్గి
దసరా వెళ్ళిన వారం

వనజా,

నీ ఉత్తరం చేరింది. మీ మామయ్యకి గుడి సంగతి చదివి వినిపించాను. "ఆరు వందల ఏండ్లా, మేస్త్రి రోజుకూలోడై ఉంటాడు" అన్నాడు. ఆ మనిషి జోకు వేసి ఎన్నాళ్ళయిందో. ఆపిల్ గుజ్జుతో అట్టు తిన్నావంటే నీ నాలుక చచ్చిపోయిందన్న మాట. గోంగూర పచ్చడి సీసా ఏం చేశావు?

ఇక్కడి సంగతి నీకు తెలిసిందే. మీ మామయ్య చెక్కిన సందీప్ రాయి షెడ్డులోనే ఉంది. కళ్ళు తప్ప అన్నీ అయిపోయాయి. ముక్కు, మీసకట్టు, మెడలో తాయెత్తు అంతా వాడే. మన పనిలో కళ్ళు చివరికి కదా. పోయినవాళ్ళ రాయికి కర్మ జరిపించాకే కళ్ళు తెరవాలి. నేను కర్మే చెయ్యనివ్వనప్పుడు కళ్ళెక్కడివి? సత్రశాల రేవులో ఈతకి దిగినవాడు దిగినట్టే పోయాడు. రెండేళ్ళయినా శవం తేలలేదు. శవం చూడకుండా వాడు చనిపోయాడని నేనెట్లా ఒప్పుకునేది? కృష్ణ దాటి అవతలి ఒడ్డున ఏ ఊళ్ళో ఉన్నాడో, దెబ్బ తగిలి పేరు మరిచాడో. మీ మామయ్య రాయి నిలబెడదామంటాడు. ఆ కళ్ళు లేని మొహం గుమ్మంలోంచి కనపడుతుంటే అన్నం దిగక, దాన్ని షెడ్డులో బోర్లా వేయించాను. "బోర్లా పండబెట్టమాకే, తప్పు" అని ఆయన గొణిగాడు. గొణిగితే నాకు వినపడదుగా, పెదాలు చూసి తెలుసుకున్నాను.

నిన్నొకటి అడగాలి. తిక్క ప్రశ్న అనుకోకు. హోటల్లో ఆ రెండో పళ్ళెం నీకు ఏ పక్కన పెట్టాడు? ఎడమ పక్కనా?

వాడిది ఎడమచేతి వాటం. ఎడంచేత్తో అన్నం తింటాడని చిన్నప్పుడు ఎంత కొట్టినా మానలేదు. మోచెయ్యి పక్కవాళ్ళకి తగలకుండా ఎప్పుడూ పంక్తిలో ఎడమ చివర కూర్చునేవాడు. నిశ్చితార్థం నాడు నీ పక్కన కూర్చున్నప్పుడు కూడా.

జవాబు వెంటనే రాయి.

అత్త,
చెన్నమ్మ


బవేరియా అడవి అంచు, జర్మనీ
నవంబరు, 2024

అత్తా,

ఎడమ పక్కనే. నువ్వు అడిగేదాకా నేను దాన్ని పట్టించుకోలేదు.

ఇప్పుడు పనిచేసే చోటుకి వచ్చేశాను. కొండల మధ్య చిన్న ఊరు. ముసలివాళ్ళ ఆశ్రమంలో నర్సు పని. వాల్బుర్గా అనే ఎనభై ఏళ్ళ అవ్వ ఇంట్లో పైగది అద్దెకి తీసుకున్నాను. చెక్క మెట్లు, చెక్క గోడలు. ఆవిడ ఆదివారం నన్ను కిందికి పిలిచి తిండి పెడుతుంది. పాచి రొట్టె పాలలో నానబెట్టి ఉండలు చేసి నీళ్ళలో ఉడికిస్తారు. చూడ్డానికి మన కుడుములే, బెల్లం లేదు, అంతే.

ఈ నెల మొదట్లో ఇక్కడ చనిపోయినవాళ్ళ పండుగ. సమాధులన్నిటి మీదా ఎర్ర గాజు గ్లాసుల్లో దీపాలు పెడతారు. ఆ రోజుకని జడలాగా అల్లిన తీపి రొట్టె కాలుస్తారు. పూర్వం ఎప్పుడో ఇంట్లో మనిషి పోతే ఆడవాళ్ళు జడ కోసి ఇచ్చేవారట. జడ పోయి రొట్టె మిగిలింది అంది అవ్వ. నాకు రెండు రొట్టెలు ఇచ్చింది. ఒకటి చాలంటే "ఇద్దరికి ఒకటి ఎలా చాలుతుంది?" అంది.

రెండూ తీసుకున్నాను. సాయంత్రం అడవి దారిలో నడవడానికి తీసుకెళ్ళింది. దారి పక్కన మనిషంత పొడవు చెక్క పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని మీద పేరు, పైన చిన్న రేకు కప్పు. ఇక్కడ మునుపు మనిషి పోతే పాడె కట్టేదాకా ఆ పలక మీదే పడుకోబెట్టేవారట. తర్వాత అదే పలక మీద పేరు రాసి దారిలో నిలబెడతారు. ఎండకీ వానకీ అది కుళ్ళి నేలకూలిన రోజున ఆ ప్రాణం విడుదలైనట్టు. అందుకే ఎవరూ వాటికి మరమ్మతు చెయ్యరు.

"పలక లేనివాళ్ళ సంగతి?" అని అడిగాను.

"పడుకోవడానికి చోటు లేనివాడు ఏం చేస్తాడు? తెలిసినవాళ్ళ వెనక తిరుగుతాడు" అంది. అని, నా మొహంలోకి చూసి, "నీతో వచ్చే అబ్బాయికి బూట్లు తుడుచుకుని ఎక్కమని చెప్పమ్మా. రోజూ మెట్లు తుడవలేకపోతున్నాను" అంది.

ఇంటికొచ్చి చూశాను. బయట వాన లేదు, మంచు లేదు. మెట్లు పైదాకా తడిగా ఉన్నాయి. గుడ్డ పెట్టి తుడిచి వాసన చూశాను. అది ఈ దేశపు నీళ్ళ వాసన కాదత్తా. సత్రశాల రేవు బురద వాసన.

భయపడాల్సింది. చెప్పాలంటే సిగ్గుగా ఉంది, నాకు సంతోషమేసింది. ఆ రాత్రి రొట్టె రెండు ముక్కలు చేసి ఒకటి ఎడమ పక్కన పెట్టుకుని తిన్నాను.

వనజ


దుర్గి
కారెంపూడి తిరనాళ్ళ మర్నాడు

వనజా,

నీ ఉత్తరం గుండెకి అదుముకుని రెండు రోజులు అన్నం తినలేదు. మీ మామయ్యకి చదివి వినిపించలేదు. నా కొడుకు అక్కడున్నాడు. చాలు, ఉన్నాడు.

నిన్న కారెంపూడి వెళ్ళొచ్చాను. చివరి రోజు వీరాచారం వాళ్ళు యుద్ధంలో పడిపోయినట్టు నేల మీద శవాల్లా పడుకున్నారు. ఎంతమంది తల్లులో చుట్టూ నిలబడి చూస్తున్నారు. తీర్థం చల్లగానే ఒక్కొక్కడూ లేచి కూర్చున్నాడు. పడ్డవాళ్ళందరూ లేచారమ్మా. నా వాడొక్కడే లేవకూడదా అని ఆ పలనాటి వీరుల్ని మొహం మీదే అడిగాను. పక్కనున్న ఆడవాళ్ళు నాకు పిచ్చి అనుకున్నారు.

ఇంకో సంగతి. నాకు ఉలి చప్పుడు వినిపిస్తోంది. నవ్వకు. ఇంటి ముందు లారీ హారన్ కొట్టినా వినపడనిదాన్ని. మిట్టమధ్యాహ్నం మీ మామయ్య నా ఎదురుగా టీ తాగుతున్నాడు, షెడ్డులోంచి టక్, టక్ మని సన్నగా. చిన్న ఉలితో నగిషీ పని చేసేటప్పుడు వచ్చే చప్పుడు. వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. సందీప్ రాయి బోర్లా వేసింది వేసినట్టే ఉంది. మీ మామయ్యని అడిగితే "చెవుల్లో గాలి దూరింది, డాక్టరుకాడికి పోదాం" అన్నాడు. నేను పోను. నాకు తెలుసు, వాడు ఇల్లు మరిచిపోలేక వస్తున్నాడు.

ఆ ముసలావిడ పలకల కబుర్లు చెవిన పెట్టకు. పడుకునే చోటూ వద్దు, విడుదలా వద్దు. నీ ఎడమ పక్కన చోటుంది కదా, అక్కడే ఉండనీ. పళ్ళెం పెట్టడం మానకు. జొన్నరొట్టె వాడికి గట్టిగా కాలాలి, అంచు నల్లబడాలి. చలికి తట్టుకోలేడు, రగ్గు కప్పు. వాడి తెల్లచొక్కా నీ దగ్గరే ఉందిగా, నిశ్చితార్థం నాటిది, ఉతికి ఇవ్వు.

ఒక్కటి మాత్రం అడిగి చెప్పు. వాడు నీ మెట్లు ఎక్కుతున్నాడు. నా గుమ్మంలోకి ఎందుకు రాడు?

అత్త


బవేరియా అడవి
క్రిస్మస్ వెళ్ళాక

అమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశాను. చొక్కా ఉతికాను.

పండక్కి ముందు న్యూరెంబర్గ్ సంతకి వెళ్ళాం. చర్చి ముందు కూడలంతా ఎర్రచారల గుడ్డ కప్పిన బడ్డీకొట్లు. తేనె, లవంగాలు, దాల్చినచెక్క వేసిన మెత్తటి రొట్టెబిళ్ళలు కొన్నాం. వేలంత సాసేజీలు మూడు కలిపి బన్నులో పెట్టి ఇస్తారు. రెండు బన్నులు తీసుకున్నాం. జనం మాకు దారి ఇచ్చారు. ఎవరూ తగల్లేదు. ఎవరూ నాతో మాట్లాడలేదు కూడా. ఆశ్రమంలో కూడా ఈమధ్య నా పక్కకి రావడం లేదు, చల్లగా ఉంటావు అంటున్నారు.

క్రిస్మస్ నుంచి పన్నెండు రాత్రులు ఇక్కడ బట్టలు ఆరెయ్యరు. ఆ రాత్రుల్లో పోయినవాళ్ళు గుంపుగా గాలి మీద వెళ్తారట. తాడు మీద తెల్లగుడ్డ ఉంటే అందులో చిక్కుకుంటారు, ఆ గుడ్డే తర్వాత ఆ ఇంట్లో ఒకరికి కప్పాల్సి వస్తుంది. అవ్వ సాంబ్రాణిలాంటి ధూపం పట్టుకుని గదిగదికీ తిరిగి, నా గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రాలేదు.

నేను కావాలనే ఆరేశాను. చిక్కుకోవాలనే. తెల్లారి చూస్తే చొక్కా గడ్డకట్టి, చేతులు చాపి, మనిషిలా నిలబడి ఉంది. లోపలికి తెచ్చి కుర్చీకి తొడిగాను. అప్పట్నుంచి నీళ్ళు కారుతూనే ఉంది. ఒక చొక్కాలో అన్ని నీళ్ళు ఎక్కడివో. బకెట్టు పెట్టాను, పారబోస్తున్నాను, నిండుతోంది.

కుడిచేతికి స్పర్శ లేదు. ఎడమ చేత్తో రాస్తున్నాను, బాగానే వస్తోంది.

బోర్లా పడుకుని పడుకుని ఊపిరాడటం లేదు. నోట్లోకి మట్టి వస్తోంది. ఒక్కటే అయింది, రెండోది అందటం లేదు.

ఇక్కడ మంచు బాగా పడుతోంది. నువ్వు వేళకి తింటున్నావా?


దుర్గి
ఫిబ్రవరి మొదటి ఆదివారం, పొద్దు గూకాక

వనజా,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. కవరు మీద అక్షరాలు చూసి గుమ్మంలోనే విప్పాను. పొల్లులన్నీ వెనక్కి వాలి ఉన్నాయి. వాడి రాత నేను మర్చిపోతానా? నన్ను అమ్మా అని పిలిచావు. కింద సంతకం లేదు.

మీ మామయ్యకి ఇచ్చాను. ఆయన వెంటనే నీకు ఫోన్ చేశాడు. ఎత్తావట, మాట్లాడలేదట. "రేవులో నీళ్ళు పారే చప్పుడేనే" అన్నాడు. అన్నాక నా వైపు చూసి, చెయ్యి పట్టుకుని, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా పెదాలు కదిపాడు. "చెన్నమ్మా, ఆడిని పట్టుకోబోయి పిల్లను పోగొట్టుకుంటన్నాం."

నా కొడుకు నాకు కావాలి. అందుకోసం నా తమ్ముడి కూతురి పక్కన చోటు చూపించాను. ఏ తల్లీ రాయకూడని మాట రాశాను నీకు.

ఈ పొద్దున లారీ మెకానిక్ షబ్బీర్‌ని పిలిపించాం. షెడ్డు నుంచి బరువులెత్తే చైన్ బ్లాక్ తెచ్చాడు. రాయికి తాళ్ళు కట్టి లేపారు. కింద నేల తడిసి ముద్దగా ఉంది. వాన పడి నెలలైంది, మా బోరులోనే నీళ్ళు లేవు. రాయి వెల్లకిలా తిరిగింది. మొహం మీద మట్టి తుడిచాను.

ఒక కన్ను తెరిచి ఉంది.

ఎడమ కన్ను. రెప్ప, పాప, చివర చిన్న ముడత, నవ్వేటప్పుడు పడేది. మీ మామయ్య దాని మీద బొటనవేలు పెట్టి తడిమాడు. మళ్ళీ తడిమాడు. "ఇది నా చెయ్యి కాదు. ఉలి దెబ్బలు అటునుంచి పడ్డయ్. ఎడంచెయ్యి" అన్నాడు. షబ్బీర్ తాడు వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ వాడు ఇంటికి వస్తున్నాడని మురిసిపోయాను. వాడు వచ్చింది ఉండటానికి కాదు. నేను ఆపిన పని వాడే చేసుకుంటున్నాడు, ఊపిరాడకుండా, బోర్లా పడి. చెవిటిదాని ముందు శంఖం ఊదినట్టు ఆ ఉలి కొట్టీ కొట్టీ, నేను అర్థం చేసుకోకపోతే, ఇక నాకు చేరేది ఉత్తరమొక్కటేనని నీ చెయ్యి పట్టుకున్నాడు. వాడు నిన్ను తీసుకుపోవడానికి రాలేదే. నాకు చెప్పుకోవడానికి వచ్చాడు.

మధ్యాహ్నానికి పురోహితుణ్ణి పిలిచి కర్మ జరిపించాం. తర్వాత రాయి నిలబెట్టాం, మన మెట్టచేలో, సత్రశాల దారి కనపడేట్టు. కళ్ళు తెరిచేటప్పుడు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు కదా, మొదటి చూపు ఎవరి మీదా పడకూడదు. మీ మామయ్య పక్కకి జరగమని సైగ చేశాడు. నేను జరగలేదు. ఎదురుగా నిలబడ్డాను. ఆయన రెండో కన్ను తెరిచాడు.

వాడు నన్ను చూశాడు.

ఉలి చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ నాకేమీ వినపడటం లేదు. నువ్వెలా ఉన్నావో ఎవరినడగను? కుడిచేత్తో రెండు ముక్కలు రాయి తల్లీ. వంకరైనా సరే, నీ రాతే కావాలి.

అత్త


బవేరియా అడవి
ఫిబ్రవరి మొదటి ఆదివారం

అత్తా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. తప్పు నాదేలే. కారెంపూడి ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. పండక్కి ముందే జ్వరంలో పడ్డాను. డిసెంబరంతా ఎలా గడిచిందో తెలియదు. న్యూరెంబర్గ్ సంతకి వెళ్ళాలనుకున్నాను, వెళ్ళలేకపోయాను. కానీ బీరువాలో తేనె రొట్టెబిళ్ళల డబ్బా ఉంది. ఎవరిచ్చారో గుర్తు రావడం లేదు.

ఈరోజు ఇక్కడ కొవ్వొత్తుల పండుగ. ఏడాదికి సరిపడా కొవ్వొత్తులు చర్చిలో ఇచ్చి మంత్రింపించి తెచ్చుకుంటారు. పొద్దున్నే లేచేసరికి నా కుడిచెయ్యి తిమ్మిరి పట్టి మండింది. చాలాసేపు రుద్దుకున్నాను. వేడి వచ్చింది. అదే చేత్తో రాస్తున్నాను.

అవ్వ ఫలహారానికి పిలిచింది. తెల్ల సాసేజీలు వేన్నీళ్ళ గిన్నెలో తేలుతున్నాయి. అవి మధ్యాహ్నం గంట మోగేలోపే తినెయ్యాలని ఇక్కడ పట్టింపు. తీపి ఆవపిండి ముద్ద, ఉప్పుకల్లు అద్దిన ముడి రొట్టె. నేను మెట్లు దిగి వచ్చాను. మెట్లు పొడిగా ఉన్నాయి. అవ్వ బల్ల మీద పళ్ళెం పెట్టింది, ఒక్కటే. నేను రెండోదాని కోసం చూశాను. "ఇంకెవరైనా వస్తున్నారా?" అని అడిగింది. నిజంగానే అడిగింది, ఆవిడకి ఏమీ గుర్తు లేదు.

లేదని చెప్పాను.

పైకొచ్చి చూస్తే బావ చొక్కా కుర్చీకి వేలాడుతోంది, ఎప్పుడో ఆరిపోయి. కింద ఖాళీ బకెట్టు ఎందుకుందో తెలియలేదు. చొక్కా మడిచి పెట్టెలో పెట్టాను. వచ్చేటప్పుడు నీకు తెచ్చి ఇస్తాను. పడుకుని కాసేపు గట్టిగా ఏడ్చాను. అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఒక మనిషి నన్ను ముట్టుకుంది.

నీ దగ్గర ఏం జరిగిందో తెలియదు. ఏదో జరిగింది. బావ రాయి సంగతి రాయి.

నా ఎడమ పక్క కుర్చీ ఖాళీగా ఉందత్తా. ఎంత ఖాళీగా ఉందో నీకొక్కదానికే తెలుస్తుంది.

నీ వనజ